గోఖలేనగర్ రథం

హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్తూ హబ్సిగూడ దగ్గర కుడిచేతికి తిరిగితే రామంతాపూర్. అక్కడైనా, ఉస్మానియా యూనివర్సిటీకి ఇవతల ముషీరాబాద్ గల్లీల్లోనైనా పండగ తీరు ఒకటే. ముందు ఒక కమిటీ పుడుతుంది. దానికి రసీదు బుక్కు ఉంటుంది, ఫ్లెక్సీ ఉంటుంది, ఫ్లెక్సీ నిండా అన్నల ఫొటోలుంటాయి. రిజిస్ట్రేషన్ మాత్రం చాలావాటికి ఉండదు. ఊరేగింపు అయిపోగానే కమిటీ వాళ్లు కూడా ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు.

2025 ఆగస్టు 17, ఆదివారం రాత్రి. రామంతాపూర్ గోఖలేనగర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర. రథాన్ని లాగుతున్న బండి దారిలో మొరాయించింది. స్వామిని నడివీధిలో వదిలేసి పోతారా? బండిని పక్కన పెట్టి కుర్రాళ్లే తలో చెయ్యీ వేశారు. ఇంజన్ బాగుండి ఉంటే అన్ని చేతులు ఆ రథం మీద ఉండేవి కావు. పైనున్న తీగ తగిలి కరెంటు రథంలోకి దిగింది. ఐదుగురు పోయారు. మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు.

తర్వాతిదంతా మనకు అలవాటైన తంతే. మంత్రులొచ్చారు, కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. స్తంభాలకు వేలాడే కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తెగ్గోశారు. ఇళ్లలో ఇంటర్నెట్ ఆగింది, గొడవ హైకోర్టుకు చేరింది. చూస్తుండగానే చర్చ పోయినవాళ్ల మీంచి వైఫై మీదికి జారింది.

ఆ 5 లక్షలు సర్కారు దయతలచి ఇచ్చినవి. నిలదీసి అడగడానికి ఆ ఇళ్లవాళ్ల చేతిలో ఏ కాగితమూ లేదు. తీగల వల్ల ప్రాణం పోతే విద్యుత్ సంస్థ తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది, నిజమే. కానీ దానికి వకీలు కావాలి, ఏళ్లు కావాలి. మీరట్ విక్టోరియా పార్కు ఎగ్జిబిషన్ మంటల్లో 2006లో 65 మంది పోతే, నిర్వాహకులది 60 శాతం, ప్రభుత్వానిది 40 శాతం బాధ్యత అని తేలేసరికి 2022 వచ్చింది. ఆ 60 శాతం అన్న మాట మన బస్తీ కమిటీల చెవిన పడాలి. పేరూ ఊరూ రిజిస్టరు కాని సంఘమైతే ఆ భారం చివరికి రసీదు బుక్కు మీద సంతకం పెట్టినవాడి ఇంటి గడప తొక్కే ప్రమాదం ఉంది.

గోఖలేనగర్ రథానికి ముందురోజే, ఆగస్టు 16న, ముంబయిలో అదే కృష్ణుడి పేరు మీద ఉట్లు కొట్టారు. ఆ ఏడాది ఉట్టి కొట్టే లక్షన్నర మంది గోవిందాలకు మహారాష్ట్ర ప్రభుత్వం బీమా కట్టింది. ప్రాణం పోతే 10 లక్షలు. 2023లో 50 వేల మందికి కట్టినప్పుడు ప్రీమియం తలకు 75 రూపాయలు. మన ఊరేగింపులో ఒక్క బ్యాండు బృందానికి ఇచ్చే బయానా పాటి చేయదు! అక్కడే కింగ్స్ సర్కిల్ జీఎస్‌బీ మండలి తన గణపతికి 2025లో 474 కోట్ల బీమా చేయించింది. గణపతి బంగారం సంగతి సరే, అందులో వాలంటీర్లకు ప్రమాద బీమా ఉంది, దర్శనానికొచ్చే జనానికి ఏదన్నా అయితే ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ కూడా ఉంది.

ఈ రెండూ వేర్వేరు. పబ్లిక్ లయబిలిటీ అంటే బయటివాళ్లకు నష్టం జరిగి, దానికి నిర్వాహకుడిదే బాధ్యత అని తేలితే కంపెనీ కట్టేది. రథం లాగినవాళ్లు బయటివాళ్లు కారు, బస్తీ పిల్లలే. వాళ్లకు ప్రమాద బీమా విడిగా ఉండాలి. పోనీ పబ్లిక్ లయబిలిటీకి చట్టం లేదా అంటే, 1991లో ఒకటి వచ్చింది. భోపాల్ పీడకల తర్వాత ప్రమాదకర రసాయనాలు వాడే ఫ్యాక్టరీల కోసం తెచ్చింది. రథాల ఊసు అందులో లేదు.

పాలసీ కోసం వెళ్తే కంపెనీవాళ్లు సంఘం పేరు, పోలీసు అనుమతి, ఊరేగింపు దారి అడుగుతారు. దారి రాసివ్వాలంటే ఎవరో ఒకరు ముందు ఆ దారెంట నడిచి, తల పైకెత్తి తీగ ఎంత ఎత్తులో ఉందో, రథం ఎంత ఎత్తుందో కొలుచుకోవాలి. నన్నడిగితే ప్రీమియం కన్నా ఆ కొలతకే విలువెక్కువ. ఒక్క గల్లీ కమిటీ ఒంటరిగా పోతే ఏజెంటు పట్టించుకోడు. ముషీరాబాద్ నుంచి తార్నాక దాకా పది సంఘాలు కలిసి రిజిస్టరై ఒకే పాలసీ అడిగితే మాట వేరు. ఆ పని చేసిపెట్టే పెద్దరికం కార్పొరేటర్లకుంది, ఉత్సవ సమితులకుంది.

రామంతాపూర్ ఘటన మర్నాటి రాత్రే బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తరలిస్తుంటే హైటెన్షన్ తీగ తగిలి ఇద్దరు పోయారు. ఆగస్టు 27న చవితి. మండపాలకు ఆ ఏడు కరెంటు ఉచితమని ప్రభుత్వం ప్రకటించింది.