మొర్రిపండు

మొర్రిపండు దక్కన్ పొడి ఆకురాల్చు అడవుల్లో ఏరుకునే చిన్న ఫలం. దీని గింజలోని పప్పును సారపప్పు, చిరోంజి అంటారు. వంటలో విలువైన దినుసు ఇదే. శాస్త్రీయ నామం బుకనానియా కొచ్చిన్‌చైనెన్సిస్. పాత గ్రంథాల్లో బుకనానియా లంజాన్. మామిడి, జీడిమామిడి కుటుంబమైన అనకార్డియేసికి చెందుతుంది.

లక్షణాలు: నిజామాబాద్ జిల్లా టేకు అడవులు ఈ చెట్టుకు అనువైనవి. వేసవిలో, ఏప్రిల్–మే నెలల్లో కాయలు పండి నల్లబడతాయి. పండు సుమారు 1 సెంటీమీటరు ఉంటుంది. తీపి, పులుపు కలిసిన గుజ్జును పచ్చిగానే తింటారు.

పప్పు తీయడం: పండ్లను నానబెట్టి, గుజ్జు పోయేలా రుద్ది కడిగి, గింజలను ఎండబెడతారు. గట్టి పెంకును తిరగలిలో పగలగొట్టి, చెరిగి పప్పు వేరుచేస్తారు. పప్పు బరువులో దాదాపు సగం నూనె ఉంటుంది.

వంటలో: నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో రంజాన్ నాటి షీర్ ఖుర్మాలో సేమ్యా, పాలు, ఖర్జూరంతో పాటు సారపప్పు వేస్తారు. పాయసాలు, మిఠాయిల్లోనూ వాడతారు. దక్కనీ మాంసం కూరల్లో నూరిన సారపప్పు ముద్ద చిక్కదనాన్నిస్తుంది.

సేకరణ, సంరక్షణ: 2013–14లో కేంద్రం ప్రారంభించిన చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మద్దతు ధర పథకంలో చిరోంజి కూడా ఉంది. పండకముందే కోయడం, కొమ్మలు నరకడం చెట్టుకు హాని చేస్తాయి. పండిన కాయలనే కోసి, కొన్నింటిని చెట్టుపైనే వదిలేయడం తప్పనిసరి.