ఓడలు దూరమైన రేవు, బ్రూజ్

ఉత్తర సముద్రపు ఒడ్డు నుంచి బ్రూజ్ దాదాపు 15 కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. అయినా మధ్యయుగాల్లో ఉత్తర ఐరోపా వర్తకం చాలావరకు ఈ బెల్జియం ఊరి చుట్టూనే తిరిగింది. 1134లో విరుచుకుపడిన తుపాను తీరాన్ని కోసి, జ్విన్ అనే సముద్రపు పాయను లోనికి తెచ్చింది. ఊళ్లో పారే రేయ నదిని కాలువతో ఆ పాయకు కలిపారు. పెద్ద ఓడలు దమ్మె రేవులో ఆగితే, అక్కడి నుంచి సరుకు చిన్న పడవల్లో ఊరి నడిబొడ్డుకు చేరేది.

బ్రస్సెల్స్‌లో చదువుకునే విద్యార్థి పొద్దున్నే రైలెక్కితే గంటలో ఇక్కడ దిగవచ్చు. పాత ఊరు చిన్నది, సాయంత్రంలోగా కాలినడకనే చుట్టిరావచ్చు. వచ్చినవాళ్లు ముందుగా వెళ్లేది మార్క్ట్ కూడలికే. అక్కడ నీటి జాడ కూడా కనబడదు. ఒకప్పుడు ఆ కూడలి తూర్పు వైపున వాటర్‌హాల్ అనే భారీ కట్టడం కాలువ మీదే నిలిచి ఉండేది. పడవలు నేరుగా దాని కప్పు కిందికి వచ్చేవి. బయట ఎంత వాన కురుస్తున్నా మూటలు తడవకుండా దించుకునేవారు. 1787లో దాన్ని పడగొట్టారు. ఆ చోట ఇప్పుడు కనిపించేది రాష్ట్ర పరిపాలన కోసం కట్టిన భవనం.

కూడలికి దక్షిణాన 83 మీటర్ల గంటల గోపురం ఉంది. మెట్లు 366. పైకి పోయేకొద్దీ దారి ఇరుకై, చేతికి ఆసరాగా మోకు మిగులుతుంది. ఆయాసం వచ్చినా ఎక్కి తీరాల్సిందే. 47 గంటలున్న ఆ ఎత్తు నుంచి చూస్తేనే ఊరిని నీళ్లు ఎలా చుట్టుకున్నాయో తెలుస్తుంది.

1277లో జెనోవా ఓడలు, 14వ శతాబ్దం మొదట్లో వెనిస్ ఓడలు ఇక్కడికి రావడం మొదలైంది. ఇంగ్లండ్ ఉన్ని, జర్మన్ వర్తకుల సరుకు, దక్షిణ ఐరోపా నుంచి వచ్చే సుగంధ ద్రవ్యాలు, బ్రూజ్ ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతపు నేత బట్టలు ఇక్కడే చేతులు మారాయి. ఫాన్ డెర్ బ్యూర్స కుటుంబం నడిపిన సత్రం దగ్గర వర్తకులు చేరి హుండీల బేరాలు సాగించేవారు. స్టాక్ మార్కెట్‌ను పలు ఐరోపా భాషల్లో 'బోర్స్' అనడానికి ఆ ఇంటిపేరే మూలమని చెబుతారు. ఆ పక్కనే 1399లో జెనోవా వర్తకులు కట్టుకున్న భవనం నేటికీ ఉంది.

బరువులు దించేందుకు కాలువ గట్టున పెద్ద చెక్క క్రేన్ ఉండేది. దాని చక్రాల లోపల మనుషులు అడుగులో అడుగు వేస్తూ నడిస్తే, తాడు చుట్టుకుని సారా పీపాలు పైకి లేచేవి. ఆ క్రేన్ ఇప్పుడు లేదు. దాన్ని చూడాలంటే సెయింట్ జాన్ ఆసుపత్రి మ్యూజియానికి వెళ్లాలి. హాన్స్ మెమ్లింగ్ 1479లో పూర్తిచేసిన బలిపీఠ చిత్రంలో మేరీమాత, పునీతుల వెనుక, దూరాన బ్రూజ్ వీధిలో అది చిన్నగా కనిపిస్తుంది. హడావుడిగా తిరిగేవారి కంటికి అందదు. కాసేపు నిలబడి వెతకాలి.

ఆ చిత్రం గీసేనాటికే జ్విన్‌లో ఒండ్రు మేట వేస్తోంది. తవ్వేకొద్దీ మళ్లీ పూడింది. దానికి రాజకీయం తోడైంది. 1488లో నగరవాసులు హాబ్స్‌బర్గ్ పాలకుడు మాక్సిమిలియన్‌ను మార్క్ట్ కూడలిలోని ఒక ఇంట్లో నెలల తరబడి బంధించారు. విడుదలయ్యాక ఆయన విదేశీ వర్తకులను ఆంట్‌వెర్ప్ వైపు మళ్లించాడు. అయినా ఊళ్లో డబ్బు ఒక్కసారిగా ఇంకిపోలేదు. మైకెలాంజెలో చెక్కిన మేరీమాత, బాలయేసు పాలరాతి విగ్రహాన్ని బ్రూజ్ బట్టల వ్యాపారులు కొన్నది ఆ తర్వాతే, 1504 ప్రాంతంలో. అది నేటికీ అవర్ లేడీ చర్చిలోనే ఉంది.

తర్వాతి శతాబ్దాల్లో ఊరు బీదదైంది. పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేక ఇటుక ఇళ్లు, వంతెనలు చాలావరకు అలాగే మిగిలాయి. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినవి అవే. సముద్రపు ఒడ్డునే జేబ్రుగ్గె రేవును కట్టి, అక్కడి నుంచి బ్రూజ్‌కు ఓడల కాలువ తవ్వి 1907లో ప్రారంభించారు. ఆ ఓడలు నగరపు ఉత్తరపు అంచునే ఆగిపోతాయి. పాత కాలువల్లో తిరిగేవి సందర్శకులను ఎక్కించుకుని అరగంట తిప్పే పడవలు.