వ్రాతప్రతి నుండి అచ్చు పుట వరకు: బ్రౌను దొర గ్రంథపరిష్కరణ క్రమము

గ్రంథమొకటి అచ్చై పాఠకుని చేతికి వచ్చునప్పటికి దాని వెనుకనున్న శ్రమ కనుమరుగగును. ఎన్ని ప్రతులు వెదకిరో, ఎన్ని పంక్తులు కొట్టివేసిరో, ఏ పాఠమును ఎందులకు గ్రహించిరో అచ్చు పుట చెప్పదు. తెలుగున ఆ శ్రమ ఎట్టిదో తెలిసికొనుటకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) చేసిన కృషి చక్కని సాక్ష్యము. కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరములలో మొలకెత్తిన ఆ పని చెన్నపట్టణమున ఫలించినది. అతడు సేకరించిన వ్రాతప్రతులును నేటికి ఆ నగరముననే కలవు. కావున ఈ చరిత్ర, తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి పరాయిది కాదు.

బ్రౌను 1817లో మద్రాసు చేరి, కంపెనీ కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చెను. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చెను. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి రచించిన గ్రంథములో వేమన ప్రస్తావనను చదివి, 1824 ప్రాంతమున ఆ కవి పద్యములను వెదకసాగెను. ఇది మొదటి దశ, అన్వేషణము. పద్యములు జనుల నోళ్లలో ఆడుచున్నను, నమ్మదగిన ప్రతి ఒక్కటియు లేదు. ఒక ప్రతిలోని పద్యము మరియొక దానిలో లేదు. రెండింటను ఉన్నదో, మాటలు వేరు.

దానికి కారణము లేకపోలేదు. లేఖకుడు తాటాకుపై గంటముతో అక్షరములను గీసి, అవి కనబడుటకై మసి పూసెడివాడు. ఆకు వృథా కాకుండుటకు పద్యములను పాదవిభాగము లేక వరుసగా వ్రాసెడివారు. ఒకరు చేసిన పొరపాటు తరువాతి వారి ప్రతిలో పాఠమై కూర్చుండెడిది. పురుగు తినిన చోట లేఖకుడు తనకు తోచిన మాట చేర్చెడివాడు. ఇతరులు కట్టిన పద్యములును వేమన మకుటముతో ఆ రాశిలో కలిసిపోయెను.

కావున రెండవ దశ ప్రతులను సరిపోల్చుట. బ్రౌను ఒకే గ్రంథమునకు పలు ప్రతులు తెప్పించి, వాటిని కాగితముపై వ్రాయించి, పద్యములకు సంఖ్యలు వేయించి, పాఠభేదములను గుర్తింపించెను. పిమ్మట పండితులు ఛందస్సును, వ్యాకరణమును, అర్థమును విచారించి పాఠమును నిర్ణయించెడివారు. ఛందస్సు తెలియనిదే దోషము పట్టుట దుర్లభమని గ్రహించి, అతడు తిప్పాభొట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్యలను ఆశ్రయించి ఆ శాస్త్రమును అభ్యసించెను.

మూడవ దశ ముద్రణము. 1829లో వేమన పద్యములు 693 ఆంగ్లానువాదముతో వెలువడెను. అంతటితో పని ముగిసినదని అతడు తలచలేదు. 1839 నాటి ముద్రణమున పద్యముల సంఖ్య 1164కు పెరిగెను. పదేండ్లలో 471 పద్యములు హెచ్చుటను బట్టి, మొదటి అచ్చును అతడు తుది రూపముగా గాక, వెదకుటకు మరల బయలుదేరు చోటుగా భావించెనని తెలియుచున్నది. నడుమ ఆంగ్లదేశమునకు పోయినపుడును ఊరకుండలేదు. లండనులో కంపెనీ గ్రంథాలయమున పట్టించుకొనువారు లేక పడియున్న దక్షిణదేశ భాషల ప్రతులను మద్రాసునకు చేర్పించెను.

ఈ యశస్సు బ్రౌను ఒక్కనిది కాదు. కడపలో అతని బంగళాయందు అయోధ్యాపురము కృష్ణారెడ్డి పర్యవేక్షణమున పండితులును లేఖకులును పనిచేసిరి. వారి జీతములకై బ్రౌను తన ధనము వెచ్చించి, అప్పులపాలయ్యెను. జూలూరి అప్పయ్య వ్యాఖ్యలతో వసుచరిత్రము 1844లోను, మనుచరిత్రము 1851లోను వెలువడెను. అచ్చు పుటపై బ్రౌను పేరు కనబడినను, ప్రతి పంక్తి వెనుకను ఇట్టి పండితుల కన్ను కలదు.

నిఘంటువు విషయమునను ఇదియే క్రమము. కావ్యములలోని పదములతో పాటు వాడుకలోని పలుకుబడులను గూడ చేర్చుకొని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడెను. కచేరీలలో, లెక్కలలో వాడుకైన హిందుస్తానీ, పారసీ, ఆంగ్లపదముల కొరకు మిశ్రభాషా నిఘంటువును 1854లో వేరుగా ప్రకటించెను. 1855లో అతడు భారతదేశము వీడెను. అతని మరణానంతరము ఎం. వెంకటరత్నము, డబ్ల్యు. హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగములు సవరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1903లో మద్రాసున అచ్చయ్యెను. ఒకరు మొదలిడిన దిద్దుబాటును తరువాతి తరమువారు కొనసాగించిరి.

బ్రౌను నిర్ణయములన్నియు నిర్దుష్టములని చెప్పరాదు. ఏ పద్యములు నిజముగా వేమనవి అను వివాదము అతనితో తీరలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1928 నాటి ఉపన్యాసములలో ఆ కవిని మరల విమర్శదృష్టితో పరిశీలించెను. 1970 దశకమున బంగోరె బ్రౌను లేఖలను, వ్రాతలను వెదకి వెలికితీసెను. ఇట్టి పునర్విమర్శ సాధ్యమగుటకు కారణమొక్కటే: బ్రౌను శుద్ధప్రతి సిద్ధమైన తరువాత మూలప్రతులను పారవేయలేదు. పాఠభేదములతో కూడ వాటిని భద్రపరచెను. అవి మెకంజీ, లైడెన్‌ల సేకరణములతో పాటు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు పునాదులయ్యెను. దిద్దుబాటు మూలమును తుడిచివేయరాదు. తరువాతివారు తిరిగి చూచుటకు వీలుంచవలెను. అతని కృషిలోని సారమిదియే.

తంజావూరున, బెంగుళూరున, బరంపురమున, షోలాపురమున, యానామున స్థిరపడిన తెలుగు కుటుంబములలో పాత తాటాకు కట్టలు, దానపత్రములు, లెక్కల కవిలెలు, పెండ్లిపాటల వ్రాతలు ఇంకను మిగిలియుండవచ్చును. ఇంటి పెద్దలు గతించినపుడు వాటిని చదువగలవారును కరవగుదురు. దొరికిన దానిని ఉన్నదున్నట్లు నకలు తీయుట, వేరొక ఇంటి ప్రతితో సరిచూచుట, తెలిసినవారిచే దిద్దించుట, మూలమును దాచుట — ఈ నాలుగు పనులకును గొప్ప పాండిత్యము కంటె ఓర్పు ముఖ్యము. రెండు వందల యేండ్ల క్రిందట అన్యదేశీయుడొకడు అప్పుచేసి మన గ్రంథములకై చూపిన ఓర్పును, మన యింటి వ్రాతలపట్ల మనము చూపుట న్యాయము.