పస్కా పండుగ బొమ్మల పుస్తకములు: ఒక పరిశీలనము

యూదుల పండుగలను పిల్లలకు బొమ్మల మూలమున బోధించు పుస్తకములు నేడు అమెరికాలో విరివిగా వెలువడుచున్నవి. ఇవి ఇరువదవ శతాబ్దమున ఆంగ్ల బాలసాహిత్యమును చూచి పుట్టినవని తలచుట సహజము. ఆకారమును బట్టి ఆ మాట కొంత నిజమే. కాని ప్రయోజనమును బట్టి విచారించినచో వీని మూలము 'హగ్గదా' అను ప్రాచీన గ్రంథమునందు కలదని మా అభిప్రాయము. ఆ పరంపరను కొన్ని ప్రతుల ఆధారమున ఇట పరిశీలింతుము.

హగ్గదా యనగా హీబ్రూ భాషలో 'చెప్పుట' అని అర్థము. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యమునుండి విముక్తులైన వృత్తాంతమును పస్కా రాత్రి భోజనపు బల్లయొద్ద ఇంటిల్లిపాదియు కూర్చుండి చదువుకొందురు. తండ్రి కుమారునకు ఈ కథ తెలుపవలెనని నిర్గమకాండము 13వ అధ్యాయము విధించుచున్నది. ఆ రాత్రి అడుగువాడు కుమారుడు, బదులు చెప్పువాడు తండ్రి అని మిష్నా నిర్దేశించినది. అయితే పొద్దుపోవువరకు సాగు ఈ తంతులో పిల్లలు నిద్రపోవుట సహజము గదా! వారు మేలుకొని ప్రశ్నించుటకై రబ్బీ అకీవా వేయించిన ధాన్యమును, అక్రోటు కాయలను పంచిపెట్టెడివాడని తల్మూదు చెప్పుచున్నది. అకీవా ధాన్యముతో సాధించినదానినే పిమ్మటివారు బొమ్మతో సాధింపజూచిరి.

ఇచట ఒక ఆక్షేపము కలుగవచ్చును. రూపనిర్మాణమును నిషేధించిన మతమున బొమ్మల గ్రంథ మెట్లు పొసగును? సుమారు 1300 నాటి దక్షిణ జర్మనీ వ్రాతప్రతి యొకదానిలో మనుష్యులకు పక్షుల తలలు చిత్రింపబడినవి. ఇందుకు కారణమా నిషేధమేనని పలువురు పండితుల మతము. కాని సుమారు 1350 నాటి స్పెయిను దేశపు ప్రతిలో, అనగా నేడు సారాయెవో హగ్గదా అని ప్రసిద్ధమైనదానిలో, మనుష్య ముఖములు యథాతథముగ నున్నవి. కావున నిషేధమును అందరును ఒకే తీరున గ్రహింపలేదని స్పష్టము. ఆ ప్రతి పుటలపై ద్రాక్షారసపు మరకలు కలవు. అది పెట్టెలో దాచిన వస్తువు కాక పండుగనాడు బల్లపై వాడిన పుస్తకమనుటకు ఈ మరకలే సాక్ష్యము.

వ్రాతప్రతులు ధనికులవి, ముద్రణము బొమ్మను సామాన్యుల ఇంటికి తెచ్చినది. 1526లో ప్రాగు నగరమున చెక్కదిమ్మెల బొమ్మలతో హగ్గదా అచ్చయ్యెను. ఈ గ్రంథమున జ్ఞాని, దుష్టుడు, అమాయకుడు, ప్రశ్నింప నేరనివాడు అని నలుగురు కుమారుల ప్రస్తావన కలదు. ప్రాగు ప్రతిలో దుష్టుడు ఆయుధధారియైన సైనికుడు. 1695 నాటి ఆమ్‌స్టర్‌డాము ప్రతికి రాగిరేకులపై బొమ్మలు చెక్కిన అబ్రహాం బార్ యాకోబు క్రైస్తవమునుండి యూదమతమునకు వచ్చినవాడు. అతడు మాథెయుస్ మేరియన్ అను క్రైస్తవ చిత్రకారుని బొమ్మలను ఆధారముగ గొనెను. బొమ్మ ఎరవు తెచ్చుకొన్నది, కథ తమది.

ఈ ఎరవు భారతదేశమున వేరొక రూపము దాల్చినది. 1874లో పూనాలో బెనే ఇస్రాయేలు యూదులకై హీబ్రూ మూలము, మరాఠీ అనువాదము గల సచిత్ర హగ్గదా వెలువడెను. అందు పులియని రొట్టెలు చేయు స్త్రీలు భారతీయ వేషమున నున్నారు. ఆ బొమ్మ చూచిన పిల్లకు ఐగుప్తు కథ తన తల్లి వంటింటి కథయే యయ్యెను.

ఇంతవరకు చెప్పినవి ఇంటివారందరి గ్రంథములు. ప్రత్యేకముగ పిల్లలకే ఉద్దేశింపబడినవానిలో 1933లో బెర్లినున వెలువడిన బాలుర హగ్గదా మిక్కిలి గమనింపదగినది. సంపాదకుడు ఏ. ఎం. జిల్బర్‌మాన్, చిత్రకారుడు ఎర్విన్ సింగర్. పుటకు అమర్చిన అట్టముక్కను లాగినచో నీటిపై శిశువగు మోషే పెట్టె కదలును, ఫరో సైన్యమును సముద్రము ముంచును. ఆ యేడు జనవరి 30న హిట్లరు అధికారమునకు వచ్చెను. ఏప్రిలు 1న యూదుల దుకాణముల బహిష్కారము జరిగెను. గ్రంథసంకల్పము అంతకు ముందే జరిగియుండవచ్చును గనుక దీనిని ఆ పీడనకు ప్రత్యుత్తరమనుట సాహసమగును. కాని ఆ సంవత్సరముల బెర్లినులో ఈ అట్టముక్క లాగిన పిల్లవానికి ఫరో ఎవరో వేరుగ చెప్పవలసిన పని లేదు.

అమెరికాలో స్థాపితమైన కార్-బెన్ ప్రచురణ సంస్థ తొలి పుస్తకము బాలుర హగ్గదాయే. తరువాత హనుక్కా మొదలగు ఇతర పండుగలకును బొమ్మల పుస్తకములు పెరిగినవి. 2005లో మొదలైన పీజే లైబ్రరీ పథకము వానిని పిల్లల ఇండ్లకు ఉచితముగ పంపుచున్నది. క్రిస్మసు వేడుకల నడుమ పెరుగు పిల్లవాడు, ఆ పండుగ మన ఇంట ఏల లేదని అడుగును. ప్రశ్న మారినది, ప్రశ్నింపజేయు పద్ధతి మారలేదు.

కావున ఈ పుస్తకములను కేవలము బాలవినోదములుగ లెక్కించుట సరికాదు. వచనము పెద్దలది, ప్రశ్న పిల్లలది, రెంటిని కలుపునది బొమ్మ. ప్రశ్నింప నేరని నాల్గవ కుమారునకు సైతము అది నోరు తెరపించును. గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున బెనే ఎఫ్రయీములని చెప్పుకొను తెలుగు కుటుంబములును పస్కాను ఆచరించుచున్నవి. అచటి పెద్దలు ఈ కథను పిల్లలకు ఏ తెలుగు మాటలతో చెప్పుచున్నారో సేకరించుట మన పరిశోధక విద్యార్థులకు తగిన పని.