కుంకుడు నురగ వెనక ఎవరి చేతులు?

ఈమధ్య మీ ఫోన్‌లో కూడా ఆ రీల్స్ వస్తూనే ఉండి ఉంటాయి. "కెమికల్స్ లేని డిటర్జెంట్ ఇంట్లోనే చేసుకోండి" అని. గిన్నెలో కుంకుడుకాయలు ఉడుకుతుంటాయి, కింద "మన పెద్దల రహస్యం" అని క్యాప్షన్. నేనూ చూసి చేశాను. ఏమైందో చివర్లో చెప్తా. ముందు ఆ పెద్దలు ఎవరో చూద్దాం. రీల్‌లో కనపడనిది వాళ్లే.

మాది ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట. మా నానమ్మ పట్టుచీరను కుంకుడు రసంలో తప్ప ముంచేది కాదు. నూలు బట్టలు మాత్రం మూట కట్టి చాకిరేవుకు పంపేది. అదేంటి, ఇంట్లో కుంకుళ్లు ఉన్నాయి కదా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. జవాబు పెద్దయ్యాక దొరికింది.

కుంకుడులో నురగ ఇచ్చేది సాపోనిన్ అనే పదార్థం. ఆ రసానికి కొంచెం ఆమ్ల గుణం ఉంటుంది. అందుకే పట్టు, ఉన్ని దెబ్బతినవు. కానీ నూలు పంచెకు పట్టిన చెమట, నూనె, బురద వదలాలంటే క్షారం కావాలి. ఆ క్షారం రెండు చోట్ల దొరికేది. ఒకటి పొయ్యిలో బూడిద. దాన్ని నీళ్లలో కలిపి, అడుగుకు దిగాక పైన తేట తీసుకునేవాళ్లు. రెండోది చవుడు మట్టి, అంటే నేల మీద తెల్లగా పొంగే ఉప్పు మట్టి.

రేవులో పని ఇలా ఉండేది. బట్టల్ని చవుడు నీళ్లలో నానబెట్టి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టించేవాళ్లు. దీన్నే ఉబ్బ వేయడం అంటారు. తర్వాత బండ మీద బాదడం, జాడించడం, ఎండేయడం. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో గుర్తు పెట్టేవాళ్లు. ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోదు. చర్మానికి తగిలితే మాత్రం పొక్కులు లేస్తాయి. కుంకుడు, నల్లజీడి రెండూ అడవి సరుకే. అంటే మన తెల్లబట్ట వెనక ఇద్దరున్నారు: అడవిలో కాయ ఏరినవాళ్లు, రేవులో బట్ట బాదినవాళ్లు.

ఇప్పుడు అసలు విషయం. నిజాం పాలన కాలంలో తెలంగాణ పల్లెల్లో ఈ ఉతుకుడు చాలావరకు వెట్టి. దొర గడీ బట్టలు ఉతకాలి, కూలి అడక్కూడదు. పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ మీకు తెలిసే ఉంటుంది. ఆమె కౌలుకు తీసుకున్న పొలంలో పంటను విసునూరు దేశ్‌ముఖ్ లాక్కోవాలని చూస్తే, సంఘం అండతో ఎదురు నిలిచి పంట ఇంటికి చేర్చుకుంది. తెలంగాణ సాయుధ పోరాటానికి ఆమె గుర్తుగా నిలిచింది. 1985లో చనిపోయింది. "పాతకాలం ఎంత బాగుండేదో" అనేముందు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.

ఇక సబ్బు సంగతి. 1888లో ఇంగ్లండ్ నుంచి లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది. 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి వెనక పొడి కలిపి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి అమ్మాడు. అదే నిర్మా. అంటే హోమ్‌మేడ్ డిటర్జెంట్ కొత్త ట్రెండేం కాదు! ఆ చౌక పొడి పేద ఇళ్లకూ చేరింది. రేవుకు వెళ్లే మూటలు తగ్గాయి. ఉతికే పని మాత్రం ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ల మీద పడింది.

మరి కాయ ఏరినవాళ్లు? భద్రాచలం తాలూకా 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, ఆ ఏడాదే ఖమ్మంలో కలిసింది. అక్కడి కోయలు, కొండరెడ్లు అడవి సరుకును వారపు సంతకు తెచ్చేవాళ్లు. తూకం షావుకారుది, ధరా షావుకారుదే. ఉప్పుకూ బట్టకూ మారకం వేసుకుని, అప్పు కింద జమ కట్టుకునేవాళ్లు. ఈ దోపిడీ ఆపడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటామే, అది పుట్టింది. అడవి సరుకు మీద హక్కు గిరిజనులదేనని 2006 అటవీ హక్కుల చట్టం చెప్పింది. అయినా చెట్టు కింద వంగి ఏరిన మనిషికి దక్కేదెంత, మన బుట్టలోకి వచ్చేసరికి ధరెంత అన్న ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

సరే, నా ప్రయోగం. పదిహేను కుంకుళ్లు పగలగొట్టి, గింజలు తీసేసి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టా. పొద్దున ఇరవై నిమిషాలు మరిగించి, చల్లారాక పిసికి వడగట్టా. పట్టు పంచె అద్భుతంగా వచ్చింది. చొక్కా కాలర్ మురికి మాత్రం అలాగే నవ్వుతూ కూర్చుంది! నానమ్మ లెక్కే కరెక్ట్. కాలర్‌కు కాస్త చాకలి సోడా రుద్దాల్సి వచ్చింది. కుంకుడు రసం ఫ్రిజ్‌లో పెట్టినా కొన్ని రోజులే ఉంటుంది, తర్వాత పులుస్తుంది.

మెత్తదనానికి చివరి జాడింపులో బకెట్‌కు పావు కప్పు తెల్ల వెనిగర్ చాలు, మిగిలిన క్షారాన్ని విరిచేస్తుంది. రీల్స్‌లో చెప్పినట్టు వంటసోడా, వెనిగర్ కలిపి పోయకండి. బుస్సుమని పొంగి, ఒకదాన్నొకటి చంపుకుంటాయి, అంతే. వెనిగర్, బ్లీచ్ అసలే కలపొద్దు, విషవాయువు వస్తుంది. ఇంకోటి, మన పెద్దలకు మెత్తటి బట్ట మీద మోజే లేదు. గంజి పెట్టి కడక్‌గా కట్టేవాళ్లు. మురికి గంజికి పట్టి, ఉతికినప్పుడు గంజితోపాటే పోయేది.

చివరగా ఒక మాట. నేచురల్ అంటే హాని లేనిదని కాదు, సాపోనిన్ చేపలకు విషం. కుంకుడు నీళ్లు చెరువులో పారబోయకండి. కుంకుళ్లు కొనేటప్పుడు వీలైతే జీసీసీ దుకాణంలోనో, సంతలో ఏరినవాళ్ల దగ్గరో కొనండి. బేరం ఆడకండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, బట్టలు ఎవరు ఉతికేవాళ్లు, వాళ్లకు ఏమిచ్చేవాళ్లు అని ఈరోజే అడగండి. ఆ జవాబు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. పుస్తకాల్లో దొరకని చరిత్ర అది.