లంబాడిపల్లి వీడియో కంపెనీ

రైతన్నలారా, వీడియో పని అనంగనే మన పిలగాండ్లు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దిక్కు చూస్తరు. హాస్టల్‌ల ఉండి నెలనెలా కిరాయి కట్టాలె. కానీ ఊర్లె ఉండే కంపెనీ నడిపినోళ్లున్నరు.

అప్పటి కరీంనగర్, ఇప్పటి జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012ల శ్రీరామ్ శ్రీకాంత్ 'మై విలేజ్ షో' మొదలుపెట్టిండు. సెట్టింగులు లేవు, ఊరి వాకిళ్లు, పొలాలు, మన మాటలే సరుకు. కూలికి పోయి, బీడీలు చుట్టి పిల్లలను సాదిన గంగవ్వ అందులో నటించింది. 2019ల 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో కనిపించింది. 2020ల బిగ్‌బాస్‌కు పోయి, ఆరోగ్యం బాగలేక మధ్యలోనే వచ్చేసింది. వీడియోలు మాత్రం ఆపలే.

పట్నం పోవద్దని కాదు, పోయి పని నేర్చుకోనీ. కానీ ఆ పనికి సరుకు మన ఊర్లెనే ఉన్నదని చెప్పుర్రి. పొలం అమ్మి కెమెరా కొనియ్యకుర్రి. ముందుగాల ఫోన్‌తోని తియ్యమనుర్రి.