చేతికి ఆగమని చెప్పేదెవరు?

మూడు రోజులు పొదిగిన కోడిగుడ్డు పెంకును పైన గోరంత మేర కత్తిరించి సూక్ష్మదర్శిని కింద పెడితే, పచ్చసొన మీద ఎర్రటి నెత్తురు దారాల నడుమ పిండం కనిపిస్తుంది. గుండె అప్పటికే కొట్టుకుంటూ ఉంటుంది. ఒంటికి అటూ ఇటూ చిన్న ఉబ్బులు లేస్తూ ఉంటాయి. రెక్కలయ్యే మొగ్గలవే. ఒక్కో ఉబ్బు కొసన చర్మం కాస్త మందమై సన్నని గట్టు కట్టి ఉంటుంది. పిల్ల పెంకు పగలగొట్టుకుని బయటికి రావడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది గానీ, రెక్కలో ఏ ఎముక ఎక్కడుండాలో మొదటి వారంలోనే చాలావరకు తేలిపోతుంది. చేయీ కాలూ ఎలా తయారవుతాయన్న శాస్త్రం చాలాకాలం ఈ గోరంత కిటికీలోంచి చూసి నేర్చుకున్నదే.

1948లో అమెరికా శాస్త్రవేత్త జాన్ సాండర్స్ ఆ గట్టును జాగ్రత్తగా ఒలిచేసి, గుడ్డును మళ్లీ పొదగనిచ్చారు. మరీ ముందుగా ఒలిచినప్పుడు భుజం దగ్గరి ఎముకతోనే రెక్క ఆగిపోయింది. కొంత ఆలస్యం చేస్తే మోచేయి దాటింది. ఇంకా ఆలస్యం చేస్తే కొసన ఉండాల్సిన వేళ్లు మాత్రమే లోపించాయి. గట్టు ఉన్నంతసేపే మొగ్గ ముందుకు సాగుతోందని అలా తేలింది. ఆ ప్రయోగం చేసిన నాటికి డీఎన్‌ఏ నిర్మాణమే ఇంకా ఎవరికీ తెలియదు. చేతిలో ఉన్నవల్లా గుడ్లు, సూక్ష్మదర్శిని, సన్నని పనిముట్లు, ఓపిక. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఫలితం చెక్కు చెదరలేదు. అందుకే ఈ చరిత్రలో సాండర్స్‌కు మొదటి పీట వేయాలి.

ఎడ్గర్ జ్విలింగ్ మరో ప్రశ్న వేశారు. గట్టు లోపలి కణాలను పెంచుతోంది, సరే. మరి గట్టును బతికిస్తున్నదేమిటి? రెక్కలు లేకుండా పుట్టే కోడి జాతి మీద, అతికించిన మొగ్గల మీద పనిచేసి, లోపలి కణాల నుంచే గట్టును కాపాడే పదార్థమేదో వస్తూ ఉండాలని 1950లలో ఆయన వాదించారు. ఆ పదార్థాన్ని ఆయన చూడలేదు. దాని జాడ దొరికేనాటికి ఆయన కన్నుమూసి ఇరవై ఎనిమిదేళ్లయింది.

ఈలోగా సాండర్స్‌కు ఇంకో వింత తారసపడింది. రెక్క మొగ్గ వెనక అంచున సహజంగా చచ్చిపోయే కణాలుంటాయి. వాటి మరణాన్ని పరిశీలించే క్రమంలో ఆ భాగం నుంచి చిన్న ముక్క తీసి మరో పిండంలో మొగ్గ ముందు అంచుకు అతికిస్తే, ఒకే రెక్కకు రెండు వరసల వేళ్లు వచ్చాయి, అద్దంలో ప్రతిబింబం లాగా. కోడి రెక్కకు మూడే వేళ్లు. వాటిని అప్పట్లో 2, 3, 4 అని లెక్కపెట్టేవారు. అతికించిన రెక్కలో అవి 4, 3, 2, 2, 3, 4గా వచ్చాయి. మేరీ గాసెలింగ్‌తో కలిసి 1968లో దీన్ని ప్రకటించారు. వెనక అంచులోని ఆ ముక్కకు జడ్‌పీఏ అన్న పేరు స్థిరపడింది.

లండన్‌లో లూయిస్ వోల్పర్ట్ దీన్ని అందిపుచ్చుకున్నారు. దక్షిణాఫ్రికాలో సివిల్ ఇంజినీరుగా పనిచేసి జీవశాస్త్రానికి వచ్చిన మనిషి ఆయన. ఒకచోట పుట్టిన సంకేతం దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది, ఆ చిక్కదనాన్ని బట్టి ప్రతి కణం తానెక్కడుందో గ్రహిస్తుంది అని 1969లో సిద్ధాంతీకరించారు. ఆయన బృందంలోని షెరిల్ టికిల్ జడ్‌పీఏ ముక్కను మొగ్గ అంచు పొడవునా వేర్వేరు చోట్ల అతికించి, ఏ వేలు ఎక్కడ వస్తుందో 1975లో చూపించారు. విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లం కూడా ఆ ముక్క చేసే పనే చేస్తుందని 1982లో తేలింది. పదేళ్లకు, 1992లో, మన పొరుగున భువనేశ్వర్‌లో ప్రియంవద మొహంతి హెజ్మాడీ బృందం తోక కోసిన కప్ప పిల్లలకు విటమిన్ ఏ ఇస్తే తోక మొలవాల్సిన చోట కాళ్లు మొలిచాయని ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. ఈ చరిత్ర రాసేవాళ్లు ఆ ప్రయోగాన్ని తరచు వదిలేస్తారు. వదలదగ్గది కాదు.

1993లో అణువులకు పేర్లు దొరికాయి. జడ్‌పీఏ నుంచి వెలువడే సంకేతం సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్ అని హార్వర్డ్‌లో క్లిఫ్ టాబిన్ బృందం నిరూపించింది. హెడ్జ్‌హాగ్ అన్న పేరు ముందు ఈగ జన్యువుది. సోనిక్ అన్నది వీడియో గేమ్ పాత్ర పేరు. కొసన ఉండే గట్టు ఇచ్చేది ఎఫ్‌జీఎఫ్ అనే వృద్ధికారకమని అదే ఏడాది తేలింది. గట్టును ఒలిచేసి, ఎఫ్‌జీఎఫ్‌లో నానబెట్టిన చిన్న పూసలను పెడితే రెక్క పెరుగుతూ పోయింది. మరుసటి ఏడు రెండు బృందాలు ఈ రెంటినీ కలిపాయి: సోనిక్ హెడ్జ్‌హాగ్ ఎఫ్‌జీఎఫ్‌ను నిలబెడుతుంది, ఎఫ్‌జీఎఫ్ సోనిక్ హెడ్జ్‌హాగ్‌ను నిలబెడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. ఒకటి పెరిగితే రెండోది పెరుగుతుంది, అది మళ్లీ మొదటిదాన్ని పెంచుతుంది. అలాంటి చక్రం తనంతట తాను ఆగడానికి కారణమేదీ లేదు. కానీ కోడి రెక్క ఆగుతోంది, ఎలుక కాలు ఆగుతోంది. పిండంలో కుడి మొగ్గ, ఎడమ మొగ్గ దేనికది పెరిగి ఒకే పొడవుకు వస్తున్నాయి. యాభై ఏళ్లుగా అందరూ చేయి ఎలా పెరుగుతుందనే వెతికారు. ఎలా ఆగుతుందన్న ప్రశ్నకు తగిన చోటు దక్కింది ఆ తర్వాతే.

దారి చూపింది ఒక వికలాంగ ఎలుక జాతి. హార్వర్డ్‌లో ఫిలిప్ లెడర్ ప్రయోగశాలలో ఎలుకల్లోకి పరాయి జన్యువును ఎక్కించినప్పుడు అది ఒకచోట ఇరుక్కుని, పిల్లలకు వేళ్లు, ముంజేతి ఎముకలు అతుక్కుపోయి పుట్టాయి. 1985 నాటి సంగతి ఇది. దెబ్బతిన్న చోట దొరికిన జన్యువుకు 1990లో ఫార్మిన్ అని పేరు పెట్టారు, దోషం దానిదేనని చాలాకాలం నమ్మారు. 1998లో బర్కిలీలో రిచర్డ్ హార్లండ్ బృందం కప్ప పిండాల్లో గ్రెమ్లిన్ అనే ప్రొటీన్‌ను కనుగొంది. బీఎంపీ అనే మరో సంకేతాన్ని పట్టి కట్టేయడం దాని పని. మరుసటి ఏడాది ఐమీ జునీగా, రాల్ఫ్ జెల్లర్ తదితరులు ఆ వికలాంగ ఎలుకల మొగ్గల్లో గ్రెమ్లినే లేదని చూపించారు. సోనిక్ హెడ్జ్‌హాగ్ గ్రెమ్లిన్‌ను పుట్టిస్తుంది. గ్రెమ్లిన్ బీఎంపీని అణుస్తుంది. బీఎంపీ అణిగితేనే కొస గట్టు ఎఫ్‌జీఎఫ్‌ను ఇవ్వగలుగుతుంది. జ్విలింగ్ ఊహించిన కాపాడే పదార్థం ఇలా అచ్చంగా ఎదుట నిలిచింది. ఫార్మిన్ మీద పడిన నింద కూడా 2004కి తొలగింది. చెడిపోయింది ఆ జన్యువు చేసే పని కాదు, దాని పరిధిలో ఉన్న గ్రెమ్లిన్ నియంత్రణ భాగం.

గ్రెమ్లిన్ దొరికాక, చక్రం ఎక్కడ తెగుతుందో వెతకడం సులువైంది. 2004లో టాబిన్ ప్రయోగశాల ఒక జవాబు ఇచ్చింది. ఒకప్పుడు సోనిక్ హెడ్జ్‌హాగ్ తయారుచేసిన కణాలకు, వాటి సంతతికి గ్రెమ్లిన్ తయారుచేసే శక్తి ఉండదు. ఆ సంతతి పెరిగేకొద్దీ సంకేతం పుట్టే చోటుకూ గ్రెమ్లిన్ కణాలకూ నడుమ మేకులా దిగుతుంది. ఒక దశలో సంకేతం అవతలికి అందదు. గ్రెమ్లిన్ పడిపోతుంది, బీఎంపీకి కట్లు ఊడతాయి, గట్టు కరుగుతుంది. మొగ్గ పెద్దదవడమే దాని పెరుగుదలకు అడ్డవుతుందన్నమాట.

2008లో జేమీ వెర్‌హైడెన్, శిన్ సన్ రెండో జవాబు ఇచ్చారు. సంకేతాలు ఆగే వరస కోడిలో ఒకలా, ఎలుకలో ఇంకోలా ఉందని వారు గమనించారు. కోడిని చూసి కట్టిన వివరణ ఎలుకకు సరిపోలేదు. ఎఫ్‌జీఎఫ్ జన్యువులు లోపించిన ఎలుకలను పోల్చి చూస్తే, ఎఫ్‌జీఎఫ్ మోతాదు బాగా పెరిగినప్పుడు అదే గ్రెమ్లిన్‌ను నొక్కేస్తోందని తెలిసింది. డాబా మీది ట్యాంకులో నీళ్లు నిండేకొద్దీ తేలే బంతి పైకి లేచి నీటి దారి మూసేసినట్టు, పెంచే సంకేతం తన మట్టం చేరగానే తన దారినే మూసుకుంటుంది. కోడిలోనూ ఇదే జరుగుతోందని వాళ్లు చూపించారు.

మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జెల్లర్ బృందం కాలాన్ని లెక్కగట్టింది. బీఎంపీ కూడా గ్రెమ్లిన్‌ను పుట్టిస్తుంది, అంటే తనను కట్టేసేదాన్ని తానే తెచ్చుకుంటుంది. ఈ చిన్న చక్రం సుమారు 2 గంటల్లో తిరుగుతుంది. సోనిక్ హెడ్జ్‌హాగ్, ఎఫ్‌జీఎఫ్‌ల పెద్ద చక్రానికి సుమారు 12 గంటలు. ఎక్కడైనా హెచ్చుతగ్గులు వస్తే చిన్నది ముందు సర్దుతుంది.

కళ్లేలు ఇంకా ఉన్నాయి. సోనిక్ హెడ్జ్‌హాగ్ తాకిన కణాలు ప్యాచ్డ్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేసి, ఆ సంకేతాన్నే పట్టుకుని దూరం పాకనివ్వవు. ఎఫ్‌జీఎఫ్ తాకిన చోట స్ప్రౌటీ అనే ప్రొటీన్ పుట్టి ఎఫ్‌జీఎఫ్ మాటను తగ్గిస్తుంది. కోడి మొగ్గలో స్ప్రౌటీని అవసరానికి మించి పుట్టిస్తే పొట్టి రెక్కలు వచ్చాయి.

బాతు పాదాన్ని చూసినా గ్రెమ్లిన్, బీఎంపీల ఈ పెనుగులాటే కనిపిస్తుంది. కోడి పిండంలో వేళ్ల మధ్య కణాలను బీఎంపీ చంపేస్తుంది, అందుకే కోడి వేళ్లు విడివిడిగా ఉంటాయి. బాతు వేళ్ల మధ్య గ్రెమ్లిన్ మిగిలి ఉండి ఆ మరణాన్ని ఆపుతుంది. కోడి పిండపు కాలి వేళ్ల మధ్య గ్రెమ్లిన్ పూస పెడితే అక్కడా పొర మిగిలింది. గబ్బిలం రెక్క పొర నిలవడంలోనూ గ్రెమ్లిన్‌కు పాత్ర ఉందని 2006లో చూపించారు.

మనిషి పిండంలో చేతి మొగ్గ సుమారు 26వ రోజున లేస్తుంది. ఎనిమిదో వారం ముగిసేసరికి వేళ్లు విడిపోతాయి. చాలామంది తల్లులకు నెల తప్పిందన్న సంగతి రూఢి అయ్యేసరికే ఈ పని మొదలై ఉంటుంది. సోనిక్ హెడ్జ్‌హాగ్‌ను అదుపుచేసే డీఎన్‌ఏ భాగం ఆ జన్యువుకు దాదాపు 10 లక్షల అక్షరాల దూరంలో ఉందని 2003లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అందులో ఒక్క అక్షరం మారినా సంకేతం బొటనవేలి వైపు కూడా వెలిగి అదనపు వేలు రావచ్చు. అమెరికాలోని కీ వెస్ట్‌లో రచయిత హెమింగ్వే ఇంటి పిల్లుల అదనపు వేళ్లకు కారణం కూడా అక్కడి మార్పే.

ఆరో వేలితో బిడ్డ పుడితే మన ఇళ్లలో కొందరు అదృష్టమంటారు, కొందరు గ్రహణం రోజు తల్లి కత్తిపీట పట్టిందంటారు. దయచేసి ఆ తల్లిని ఏమీ అనకండి. బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించండి. ఇంకేదైనా లోపం ఉందేమో చూసి, వేలు తీయాలో వద్దో, ఎప్పుడు తీయాలో వాళ్లు చెబుతారు.